కొత్త ల్యాప్‌టాప్‌లో ప్రకటనల బెడద

చిరంజీవి సుజాతకు,
పెదనాన్న ఆశీస్సులు.

కొత్త ల్యాప్‌టాప్‌లో అప్పుడే తెర మూలన లాటరీ ప్రకటనలు ఎగిరిపడుతున్నాయని రాశావు. చికాకు ఒక్కటే అయితే ఓర్చుకోమనేవాణ్ణి. కానీ యాడ్‌వేర్, అంటే ప్రకటనలు చూపించడానికి చొరబడే ప్రోగ్రామ్, ఎక్కువగా మకాం వేసేది నీ బ్రౌజర్‌లోనే. నువ్వు బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టేదీ అక్కడే.

2014లో లెనోవో కొన్ని ల్యాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనే ప్రకటనల ప్రోగ్రామ్‌ను ముందే ఎక్కించి అమ్మింది. తాళం బొమ్మ ఉన్న సురక్షిత పేజీల్లోకి కూడా దూరడానికి అది తన సొంత ధ్రువపత్రాన్ని (సైటు అసలుదేనని బ్రౌజర్‌కు హామీ ఇచ్చే డిజిటల్ పత్రం) విండోస్‌లో చేర్చేది. దాని రహస్య తాళంచెవి అన్ని యంత్రాలకూ ఒక్కటే. 2015 ఫిబ్రవరిలో ఒక నిపుణుడు దాన్ని బయటికి లాగాడు. అంటే, ఆ తాళంచెవి చేజిక్కించుకుని అదే వైఫైలో కూర్చున్న దొంగ నకిలీ బ్యాంకు పేజీ చూపించినా బ్రౌజర్ కిమ్మనదు. ప్రోగ్రామ్‌ను తొలగించినా ధ్రువపత్రం మిగిలిపోయేది. ప్రకటనల కోసం ఇంత పని చేశారు!

నీకు మాత్రం వీడియోలు చూసే వీఎల్‌సీ ప్లేయర్ ఎక్కించిన రోజే మొదలైందన్నావు. దాన్ని తయారుచేసే వీడియోలాన్ సంస్థ ఏ ప్రకటనా లేకుండా ఉచితంగానే ఇస్తుంది. ఇతరులు దానికి చెత్త తగిలించి పంచుతున్నారని 2011లోనే ఆ సంస్థ మొత్తుకుంది. వెతికినప్పుడు అన్నిటికన్నా పైన కనబడే లింకు చాలాసార్లు డబ్బు కట్టి పెట్టించినదే. అందుకే వీడియోలాన్ సొంత సైటుకే వెళ్లు. బయటి ఇన్‌స్టాలర్లలో "నెక్స్ట్" బొత్తాం రంగులో మెరుస్తుంటుంది. దాని పైన చిన్న అక్షరాల్లో, టూల్‌బార్ కావాలని, హోమ్‌పేజీ మార్చమని మనం చెప్పినట్టే ముందుగా టిక్ పెట్టి ఉంటుంది. "వద్దు" అన్న బొత్తాం బూడిద రంగులో, పనిచేయనిదానిలా కనిపిస్తుంది. పనిచేస్తుంది తల్లీ, దాన్నే నొక్కు. "కస్టమ్" అని ఉంటే ఎప్పుడూ అదే ఎంచుకో.

మూలన వచ్చే లాటరీలు బహుశా నోటిఫికేషన్లు. "రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి" అనే పేజీ ఎక్కడో తగిలి ఉంటుంది. బ్రౌజర్ సెట్టింగుల్లో నోటిఫికేషన్ల దగ్గర తెలియని సైట్లన్నీ తీసెయ్యి. ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాములు, వాటిలోనూ తెలియనివి ఉన్నాయేమో చూడు. విండోస్‌లో ప్రోగ్రాముల జాబితాను తేదీలవారీగా పేర్చి, వీఎల్‌సీతోపాటు అదే రోజు చేరినవేవో చూసి తొలగించు. తర్వాత విండోస్‌తోపాటే వచ్చే వైరస్ నిరోధక ప్రోగ్రామ్ మైక్రోసాఫ్ట్ డిఫెండర్‌తో పూర్తి స్కాన్ చేయించు. "మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది" అని బెదిరించే పేజీ ఇచ్చిన క్లీనర్‌ను మాత్రం దించుకోవద్దు, అందులోని నంబరుకు ఫోన్ చేయవద్దు.

ఇదంతా అయ్యేదాకా ఆ యంత్రంలో బ్యాంకు సైటు తెరవకు. ఇప్పటికే తెరిచి ఉంటే, మీ నాన్న ఫోనులోంచి పాస్‌వర్డ్ ఈరోజే మార్చు.

ఇట్లు,
పెదనాన్న