పరిగెత్తితేనే వచ్చే కాలి నొప్పి

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు, 1500 మీటర్ల పరుగు ప్రాక్టీస్ చేస్తోంది. మొదలుపెట్టిన పది నిమిషాలకల్లా రెండు కాళ్లూ మోకాళ్ల కింద బిగుసుకుపోయి నొప్పి అంటుంది, ఆపితే కాసేపటికి మామూలే. ఎక్స్‌రేలో ఏమీ లేదు. నెల రోజులు రెస్ట్ ఇచ్చినా మళ్లీ అదే కథ. సాకులు చెబుతోందని కోచ్ అంటున్నారు. నిజమేనా డాక్టర్ గారూ?

జవాబు: సాకు చెప్పే పిల్ల ప్రతిసారీ సరిగ్గా అదే టైమ్‌కి నొప్పి తెచ్చుకోదమ్మా. ఎప్పుడు మొదలవుతోంది, ఎప్పుడు పోతోంది అని మీరు రాసిన ఆ రెండు ముక్కలు ఎక్స్‌రే కంటే ఎక్కువ చెబుతున్నాయి. నాకు ముందుగా తట్టేది వ్యాయామం వల్ల వచ్చే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్. కాలి కండరాల చుట్టూ పెద్దగా సాగని గట్టి పొర ఉంటుంది, పరిగెత్తేటప్పుడు కండ ఉబ్బితే ఆ పొర చోటివ్వదు, దాంతో లోపల ఒత్తిడి పెరిగి నొప్పి, కొందరికి పాదం తిమ్మిరెక్కడం, అడుగు సరిగా ఎత్తలేకపోవడం కూడా. చిక్కేంటంటే డాక్టరు ముందు కూర్చునేసరికి కాలు శుభ్రంగా ఉంటుంది! అందుకే నొప్పి వచ్చేదాకా పరిగెత్తించి, అప్పుడు చూడమని అడగండి. అనుమానం బలపడితే కండలోకి సూది పెట్టి ఒత్తిడి కొలుస్తారు. పరుగు ఆపిన 1 నిమిషానికి 30, లేదా 5 నిమిషాలకి 20 మి.మీ. పాదరసం, అంతకు మించి ఉంటే జబ్బు ఉన్నట్టు లెక్క (ఈ అంకెల మీద మాలో మాకే వాదనలున్నాయి లెండి).

నొప్పి వచ్చిన సమయంలోనే పాదం చల్లబడి పాలిపోతోందా చూడండి. అలా ఉంటే మోకాలి వెనక రక్తనాళం నొక్కుకుపోతోందేమో డాప్లర్‌తో (రక్తప్రవాహం చూసే స్కాన్) తేల్చుకోవాలి.

ఇంట్లో ఇంకో పని చేయండి, కాలి ఎముక లోపలి అంచు వెంట వేలితో నొక్కుకుంటూ వెళ్లండి. నాలుగైదు వేళ్ల వెడల్పు మేర నొప్పెడితే షిన్ స్ప్లింట్స్ (ఎక్కువ పరుగు వల్ల ఆ ఎముక అంచున వచ్చే నొప్పి) కావచ్చు. ఒక్కచోటే, వేలి మొనంత మేర, ముట్టుకుంటేనే కెవ్వుమంటే మాత్రం పరుగు ఆపించి ఎంఆర్‌ఐ తీయించండి, ఎందుకంటే స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదే పదే ఒత్తిడి పడి ఎముకలో వచ్చే సన్నని పగులు) మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. పీరియడ్స్ సరిగా వస్తున్నాయా, శ్రమకు తగ్గ తిండి తింటోందా అన్నది కూడా డాక్టరుకి చెప్పండి, ఎముక బలం వాటితో ముడిపడి ఉంది.

ఎప్పుడైనా ఆపాక కూడా నొప్పి తగ్గకుండా పెరుగుతూ, కాలు గట్టిపడి పాదం కదపలేకపోతే అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.