ఇరవైసార్లు సెల్ఫ్ కొట్టిన అక్క

కాకినాడ

తల్లీ,

నీ కథ చేరింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి అక్కచెల్లెళ్ల కోసం, రెండోసారి ఇంజన్ కోసం. "మొహమాటం లేకుండా చెప్పండి మాస్టారూ" అని రాశావు కాబట్టి సూటిగా చెబుతున్నాను. మనుషులు బాగా కుదిరారు. నాన్న పోయాక రెండేళ్లు మాట్లాడుకోని ఇద్దరు ఆడపిల్లలు, ఆయన వదిలివెళ్లిన తెరచాప పడవను అమ్మేయడానికి కొచ్చి నుంచి గోవాకు తీసుకెళ్లడం చాలా మంచి ఊహ. పదకొండో పేజీ దగ్గర మాత్రం ఆగిపోయాను. అక్కడ ఇలా రాశావు: "అలల దెబ్బకు స్పార్క్ ప్లగ్ తడిసి ఇంజన్ ఆగిపోయింది. అక్క ఇరవైసార్లు సెల్ఫ్ కొట్టింది. ఇరవై ఒకటోసారి ఇంజన్ గర్జించింది."

ఈ మూడు వాక్యాల గురించే ఈ ఉత్తరమంతా.

స్పార్క్ ప్లగ్ సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. ఆ పడవలో ఉన్నది డీజిల్ ఇంజన్, దానికి స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్‌లో గాలిని దాదాపు 20వ వంతుకు నొక్కేస్తే, ఆ వేడికి నాజిల్ చిమ్మిన డీజిల్ దానంతట అదే అంటుకుంటుంది. ఒకసారి స్టార్ట్ అయ్యాక దానికి కావాల్సింది శుభ్రమైన డీజిల్, గాలి, చల్లబరిచే నీళ్లు. ఈ మూడింట్లో ఏదో ఒకటి అందకపోతే ఆగుతుంది. నీ కథలో ఏది అందలేదో ముందు నువ్వు తేల్చుకోవాలి.

రెండో వాక్యం దగ్గర మనం చాలాసేపు కూర్చోవాలి.

నువ్వు విశాఖ ఫిషింగ్ హార్బర్ చూసి పెరిగినదానివి. అక్కడి పడవల్లో చాలావాటికి పొగగొట్టం నిటారుగా పైకి ఉంటుంది. నీ మనసులో ఉన్నది ఆ బొమ్మే. "పొగగొట్టంలోంచి నల్లటి పొగ ఆకాశానికి లేచింది" అని రాయడమే సాక్ష్యం. తెరచాప పడవలో ఇంజన్ అడుగున, మెట్ల వెనక ఒక పెట్టెలాంటి చోట ఇరుక్కుని ఉంటుంది. పైన తెరచాపలు, తాళ్లు, మనుషులు. వందల డిగ్రీల వేడితో మండే గొట్టాన్ని వాళ్ల మధ్య నుంచి పైకి లేపలేరు. అందుకని పొగను పడవ వెనక్కి, నీటిమట్టానికి కాస్త పైన వదులుతారు. ఆ దూరమంతా రబ్బరు హోస్. రబ్బరు కాలిపోకుండా ఉండాలంటే పొగ చల్లబడాలి. అందుకని పొగలో నీళ్లు కలుపుతారు.

ఆ నీళ్ల దారిని నువ్వు కళ్లు మూసుకుని చెప్పగలగాలి. పడవ అడుగున సీకాక్ అనే ఒక కుళాయి ఉంటుంది, సముద్రపు నీళ్లు అందులోంచి లోపలికి వస్తాయి. నాచు, చెత్త ఆపడానికి ఒక జల్లెడ. తర్వాత నీటి పంపు. దాని లోపల ఇంపెల్లర్ అనే రబ్బరు చక్రం, చిన్న చిన్న రెక్కలతో. ఆ పంపు తోసిన నీళ్లు హీట్ ఎక్స్‌ఛేంజర్ అనే పెట్టెలో ఇంజన్ వేడిని తీసుకుని, చివరికి ఎగ్జాస్ట్ ఎల్బో అనే వంపు గొట్టంలో పొగతో కలుస్తాయి. అక్కడి నుంచి నీళ్లూ పొగా కలిసి వాటర్‌లాక్ అనే డబ్బాలోకి దిగుతాయి. సైలెన్సర్ పని చేసేది కూడా అదే. ఇంజన్ నడుస్తున్నంతసేపు పొగ తోపుడుకి ఆ డబ్బాలో నీళ్లు ఎత్తు మీదికి ఎక్కి వెనక నుంచి గుబుక్ గుబుక్‌మని బయట పడుతుంటాయి. పడవ మనుషుల చెవి ఎప్పుడూ ఆ చప్పుడు మీదే ఉంటుంది. ఇంజన్ వేయగానే వెనక్కి వంగి నీళ్లు పడుతున్నాయా అని చూడనివాళ్లను నేను చూడలేదు. నీ అక్క ఒక్కసారి కూడా వంగి చూడలేదు. వాళ్ల నాన్న ఆమెకు చిన్నప్పుడే నేర్పి ఉంటాడు కదా?

ఇప్పుడు ఇరవైసార్లు సెల్ఫ్ కొట్టడం అంటే ఏమిటో చూడు. సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ ఇంజన్ తిరుగుతుంది. ఇంజన్‌తో పాటు నీటి పంపూ తిరుగుతుంది, నీళ్లు ఎల్బో దాకా వచ్చి వాటర్‌లాక్‌లో పడతాయి. ఇంజన్ అంటుకోలేదు కాబట్టి వాటిని బయటికి తోసే పొగ లేదు. డబ్బా నిండుతుంది. నిండాక నీళ్లు వచ్చిన దారినే వెనక్కి ఎక్కి, తెరిచి ఉన్న ఎగ్జాస్ట్ వాల్వులోంచి సిలిండర్‌లోకి దిగుతాయి. గాలిని నొక్కొచ్చు, నీటిని నొక్కలేం. పిస్టన్ పైకి వచ్చి నీటికి కొట్టుకుని "టక్"మని ఆగిపోతుంది. అప్పుడు పిస్టన్‌ను పైకీ కిందకీ తోసే కనెక్టింగ్ రాడ్ వంగినా ఆశ్చర్యపడక్కర్లేదు.

అంటే నీ కథలో ఇరవై ఒకటోసారి ఇంజన్ గర్జించదు. తుఫాను చేయలేని పనిని అక్క తన వేలితో తానే చేసేసింది. ఎంతో కంగారుతో, చెల్లెల్ని గట్టెక్కించాలన్న ప్రేమతో, ఆ బటన్ నొక్కి నొక్కి నాన్న ఇంజన్‌ను ఉప్పునీళ్లలో ముంచేసింది. తల్లీ, నీ కథ గుండెకాయ ఇక్కడుంది. నువ్వు దాని పక్కనుంచే నడిచి వెళ్లిపోయావు.

ఇదంతా ఎలా తెలుసంటావేమో. పాతికేళ్లు ఓడల ఇంజన్ గదుల్లో పనిచేశాక, కొచ్చిలో కొన్నేళ్లు చిన్న పడవల ఇంజన్లు బాగుచేశాను. బోల్గట్టి దీవి దగ్గరి మెరీనాకు దూరదేశాల తెరచాప పడవలు వచ్చి ఆగుతుంటాయి. ఒకసారి ఒక పెద్దాయన పడవ వచ్చింది. ఒక్కడే తిరుగుతున్నాడు. రాత్రి లంగరేసి, ఇంజన్ ఆపి పడుకున్నాడట. తెల్లారి సెల్ఫ్ కొడితే "టక్". బ్యాటరీ దిగిపోయిందనుకుని వేరే బ్యాటరీ పెట్టాడు. మళ్లీ "టక్". నేను వెళ్లేసరికి నాలుగు రోజులైంది. నాజిల్స్ విప్పి, రెంచి వేసి చేత్తో తిప్పబోతే కదల్లేదు. సిలిండర్లలో ఆయిల్ పోసి రెండు రోజులు నానబెట్టాం. కదిలాక నాజిల్ రంధ్రాల్లోంచి నీళ్లు చిమ్మాయి. కింద ఆయిల్ నీళ్లు కలిసి పాల టీ రంగులో ఉంది. ఒక రాడ్ వంగింది.

ఆయన అన్నిసార్లు సెల్ఫ్ కొట్టలేదు. మరి నీళ్లెక్కడివి? డ్రమ్ములోంచి కిరోసిన్ తీయడానికి పైపు నోట్లో పెట్టి ఒక్కసారి లాగి వదిలేస్తే, ఆ తర్వాత దానంతట అదే కారుతుంది కదా. సముద్రపు నీళ్లూ అలాగే కారతాయి. చాలా తెరచాప పడవల్లో ఇంజన్ నీటిమట్టానికి కిందో, దగ్గరో ఉంటుంది. అందుకని నీటి గొట్టాన్ని ఒకచోట నీటిమట్టానికి బాగా పైకి వంచి, ఆ వంపు కొసన చిన్న వాల్వు పెడతారు. ఇంజన్ ఆగగానే అది గాలిని పీల్చి ఆ ధారను తెంచేస్తుంది. ఆయన పడవలో ఆ వాల్వు ఉప్పు పేరుకుని బిగుసుకుపోయింది. రాత్రంతా ఆయన నిద్రపోతుంటే, సముద్రం చడీచప్పుడు లేకుండా ఇంజన్‌లోకి దిగింది. వాల్వు విప్పి ఆయన చేతిలో పెట్టాను. అరచేతిలో పట్టేంత వస్తువు. మంచినీళ్లతో కడిగితే ఐదు నిమిషాల పని. ఆయన చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ కూర్చున్నాడు.

ఆ సంగతిని తర్వాత కథగా రాశాను. మొదటి ప్రతిలో సముద్రం గురించి మూడు పేజీలు, వాల్వు గురించి ఒక వాక్యం రాశాను. ఆ రోజుల్లో నన్ను దిద్దిన గురువు దాన్ని తిప్పి పంపి, మూడు పేజీలు తీసేసి ఆ ఒక్క వాక్యాన్ని పెంచమన్నాడు. నీకు నేను చెప్పేదీ అదే.

అయితే తుఫానును తీసెయ్యమని అనడం లేదు. దానికి చేతినిండా పని ఉంది, నువ్వు వేరే పని అప్పజెప్పావు. నాన్న పోయాక పడవ రెండేళ్లు కట్టేసి ఉంది. డీజిల్ ట్యాంకు సగం ఖాళీ. ఖాళీ ఉన్నచోట గాలిలోని తేమ చెమ్మగిల్లి నీరవుతుంది. నీరు డీజిల్ కంటే బరువు కాబట్టి అడుక్కి చేరుతుంది. ఆ నీటికీ డీజిల్‌కీ మధ్య సూక్ష్మజీవులు పెరిగి, జిగటగా నల్లటి మడ్డి పడుతుంది. రేవులో పడవ కదలనంతకాలం అది అడుగునే పడి ఉంటుంది, ఎవరికీ తెలియదు. అలలు ఎత్తి కుదేసినప్పుడు మొత్తం పైకి లేచి ఫిల్టర్‌లో దూరుతుంది. ఇంజన్ చప్పుడు ముందు తగ్గుతుంది, కాసేపు ఎగశ్వాస తీసుకుంటుంది, ఆగిపోతుంది. ప్రశాంతంగా ఉన్నప్పుడు నడిచి, అవసరమైనప్పుడే ఇంజన్ ఆగిపోతుందని పడవవాళ్లు వాపోయేది ఇందుకే. రెండేళ్లు మాట్లాడుకోకపోవడం, రెండేళ్ల మడ్డి. ఈ పోలికను నువ్వు పైకి చెప్పకు. ఫిల్టర్ గిన్నెలో నల్లటి నీళ్లు చూపించు, చాలు.

అక్కడి నుంచి కథ తనే నడుస్తుంది. అక్క ఫిల్టర్ మారుస్తుంది, కానీ డీజిల్ గొట్టంలో ఎయిర్ పట్టేసి ఉంటుంది. స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొట్టి, బుడగలు ఆగి శుభ్రంగా డీజిల్ కారేదాకా ఆ గాలిని తీయాలి. పడవ ఊగుతుంటే, ఒక చేత్తో స్పానర్, ఇంకో చేత్తో టార్చ్, డీజిల్ వాసనకు కడుపులో తిప్పేస్తుంటే ఆ పని చేయడం ఎలా ఉంటుందో రాయి. ఓపిక చాలక సగంలో వదిలేసి సెల్ఫ్ కొడుతుంది. నాలుగుసార్లు, ఐదుసార్లు. అప్పుడు చెల్లెలికి గుర్తుకొస్తుంది. నాన్న ఇంజన్ మొండికేసినప్పుడల్లా ముందు సీకాక్ కట్టేసేవాడు. ఎక్కువసార్లు సెల్ఫ్ కొట్టాల్సి వస్తే నీళ్లు రాకుండా ఆపాలి. కానీ ఇంజన్ అంటుకున్న క్షణాన దాన్ని తెరవాలి. నీళ్లు లేకుండా తిరిగితే ఇంపెల్లర్ రెక్కలు చూస్తుండగానే కాలిపోతాయి, ఆ వెనకే రబ్బరు హోస్ మాడుతుంది. పైగా సెల్ఫ్ బటన్ పైన, సీకాక్ కింద. ఒక్క మనిషికి రెండు చోట్లా చెయ్యి అందదు. ఒకరు పైన, ఒకరు కింద ఉండి అరిచి చెప్పుకోవాలి. రెండేళ్ల తర్వాత వాళ్లిద్దరూ మొదట మాట్లాడుకునే మాటలు "కట్టేశావా?", "కట్టేశా, కొట్టు!", "అంటుకుంది, తెరువు తెరువు!" అయితే ఎలా ఉంటుందో ఆలోచించు. నువ్వు రాసిన పన్నెండో పేజీ కన్నీళ్ల సంభాషణ అక్కర్లేదు.

ఒకవేళ నీళ్లు అప్పటికే ఇంజన్‌లోకి వెళ్లాయని రాయాలనుకుంటే అదీ మంచి కథే. అప్పుడు గంటలు లెక్క. సీకాక్ కట్టేసి, వాటర్‌లాక్ ఖాళీ చేసి, నాజిల్స్ తీసి ఇంజన్‌ను తిప్పి నీళ్లు చిమ్మించాలి. ఆయిల్ మార్చి నడిపి, మళ్లీ మార్చి, ఆ పాల టీ రంగు పోయేదాకా మారుస్తూనే ఉండాలి. ఆరోజే చేస్తే చాలా ఇంజన్లు బతుకుతాయి. ఆ పెద్దాయనది నాలుగు రోజుల ఆలస్యం.

నాన్న పాత్రకు ప్రాణం పోసేది కూడా ఈ పనులే. "ఆయనకు పడవంటే ప్రాణం" అని రాశావు. దాని బదులు ఆయన లాగ్‌బుక్ తెరువు. ఫలానా తేదీన ఆయిల్ మార్చాను, ఇంజన్ ఇన్ని గంటలు నడిచింది. ఇంపెల్లర్ మార్చాను, పాతదానికి ఒక రెక్క తక్కువుంది, విరిగిన ముక్క హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో దొరికింది. ఆ ముక్క దొరికేదాకా మంచి మెకానిక్ ఇంజన్ మూత వేయడు, ఎందుకంటే అది ఎక్కడో నీళ్ల దారికి అడ్డంపడుతుంది. ఎల్బో విప్పాను, లోపల మసి, ఉప్పు పేరుకుని వేలు కూడా దూరడం లేదు. ఎల్బో అలా పూడుకుపోతే ఇంజన్ పూర్తి వేగం అందుకోదు, వేడెక్కుతుంది, నల్లపొగ వదులుతుంది. నీలిపొగ అయితే ఆయిల్ కాలుతోందని. బ్యాటరీ ఛార్జింగ్ కోసం గంటల తరబడి లోడ్ లేకుండా ఉత్తినే నడిపే పడవల్లో మసి తొందరగా పడుతుంది. నాన్న అక్షరాల్లో "రేపు వాల్వు కడగాలి" అన్నది ఆఖరి ఎంట్రీ అయితే, ఆయన గురించి ఇంకేం చెప్పక్కర్లేదు.

మాటల గురించి ఒక చిన్న సంగతి. రెండోచోట "ప్రారంభక యంత్రం" అని రాశావు. సెల్ఫ్ అని రాయి. ఇంజెక్టర్‌ను మన మెకానిక్‌లు నాజిల్ అంటారు, అలాగే రాయి. పనిచేసే చేతులకు అలవాటైన మాటే పాఠకుడికీ నమ్మకం కలిగిస్తుంది.

"తెరచాప పడవకు ఇంజన్ గొడవ ఎందుకని ఎవరైనా అడుగుతారేమో" అని భయపడ్డావు. భయపడకు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పడమటి తీరంలో పగలు సముద్రం నుంచి గాలి, రాత్రి నేల నుంచి గాలి, మధ్యలో గంటలకొద్దీ ఆకు కదలదు. అప్పుడు ఇంజనే దిక్కు. మన నౌకాదళం తెరచాప పడవ 'తారిణి'ని తలచుకో. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి, ప్రపంచం చుట్టి, 254 రోజులకు, 2018 మే 21న తిరిగొచ్చింది. ఆరుగురు మహిళా అధికారుల్లో విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. దక్షిణ అమెరికా కొసన హార్న్ అగ్రం దగ్గరి పెనుగాలుల్ని దాటొచ్చిన ఆ పడవ కూడా, తిరుగు ప్రయాణంలో స్టీరింగ్‌లో లోపం వచ్చి మారిషస్‌లో ఆగాల్సి వచ్చింది. తెరచాప పడవనైనా ఆపేది ఒక్కోసారి గాలి కాదు, యంత్రమే.

వానలు మొదలవకముందే కొచ్చి వెళ్లిరా. హుస్సేన్‌సాగర్‌లో తిరిగే చిన్న తెరచాప పడవలకు ఇంజన్ ఉండదు కాబట్టి అక్కడ నీకు పని జరగదు. మెరీనాలో ఎవరినైనా బతిమాలి, మెట్లు తీయించి ఇంజన్ చూడు. సీకాక్ దగ్గర మొదలుపెట్టి, వెనక నీళ్లు పడేచోటు దాకా గొట్టాన్ని చేత్తో తడుముకుంటూ వెళ్లు. కొన్నిచోట్ల చెయ్యి దూరదు, మోచేయి గీరుకుంటుంది. అదంతా అక్కకు కావాలి. టార్చ్, పాత బట్టలు పట్టుకెళ్లు. నోట్‌బుక్ మాత్రం బయటికొచ్చాకే తెరువు.

పదకొండో పేజీ ఒక్కటే తిరగరాసి పంపు. మిగతావాటి సంగతి తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు