బెంగళూరు చలికి తాబేలును ఫ్రిజ్‌లో పెట్టి నిద్రపుచ్చవచ్చా?

పాప కోసం కొన్న చిన్న తాబేలు డిసెంబర్ వచ్చినప్పటి నుంచి తిండి మానేసిందని, తలా కాళ్లూ లోపలికి లాక్కుని మూలన పడి ఉంటోందని రాశారు. అట్టపెట్టెలో సర్ది ఫ్రిజ్‌లో పెడితే చలికాలమంతా నిద్రపోతుందని ఏదో వీడియోలో చెప్పారట, అలా చేయవచ్చా అని మీ ప్రశ్న. దయచేసి చేయకండి. ముందు దాన్ని వెచ్చగా ఉండే చోటికి మార్చండి, ఆ తర్వాతే మిగతాది చదవండి.

ఆ వీడియోలో చెప్పింది అబద్ధమేమీ కాదు. మా అక్క వాళ్లు ఇంగ్లండ్‌లో ఉంటారు, వాళ్లింట్లో హెర్మన్స్ జాతి నేల తాబేలు ఉంది. మధ్యధరా సముద్రం చుట్టుపక్కల దేశాలది ఆ జాతి, చలికాలంలో నిద్రపోవడం దాని సహజ లక్షణం. ఒక చలికాలం నేను అక్కడున్నప్పుడు దగ్గరుండి చూశాను. దాని కోసమే విడిగా ఒక చిన్న ఫ్రిజ్, లోపల థర్మామీటర్. 5 డిగ్రీల దగ్గర ఉంచుతారు. సున్నాకి పడిపోతే కళ్లు దెబ్బతిని చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. 10 దాటితే సగం మెలకువలోకి వచ్చి, ఒంట్లో దాచుకున్న కొవ్వును ఖర్చు పెట్టేసుకుంటుంది. నిద్రకు ముందు డాక్టర్‌కి చూపించారు. రెండు మూడు వారాల ముందే తిండి ఆపేశారు, ఎందుకంటే పేగుల్లో మిగిలింది ఆ చలికి అరగదు, లోపలే కుళ్లిపోతుంది. ఆ రోజుల్లో గోరువెచ్చని నీళ్లలో కూర్చోబెట్టి నీళ్లు తాగనిచ్చేవారు. నిద్రపోయాక కూడా అక్కకి విశ్రాంతి లేదు. గాలి మారడానికి రోజూ ఫ్రిజ్ తలుపు తీసేది, వారం వారం కిచెన్ స్కేల్ మీద తూచి నోట్‌బుక్‌లో రాసుకునేది. బరువు పదో వంతు తగ్గిందంటే ఇక నిద్ర చాలించి లేపేయాల్సిందే.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. అక్కడ ఆరోగ్యంగా ఉన్నదానికి మనుషులే తిండి ఆపి నిద్రపుచ్చుతారు. నలతగా ఉన్నదాన్ని, బరువు తక్కువున్నదాన్ని ఆ జాతిదైనా సరే పడుకోబెట్టరు. మీది తనంతట తానే తిండి మానేసింది. నిద్రకు సిద్ధమవుతోందని అనుకుంటే పొరపాటు, చలికి దాని ఒళ్లు పనిచేయడం లేదు.

మన బెంగళూరు చలి సంగతి చూడండి. డిసెంబర్, జనవరిలో తెల్లవారుజామున 15, 16 డిగ్రీలు, మధ్యాహ్నానికి మళ్లీ 27. ఈ ఊరి రికార్డుల్లో అతి తక్కువ 1884 జనవరి 13న నమోదైన 7.8. అదీ నిద్రకు కావాల్సిన 5 కంటే ఎక్కువే. అంటే ఇక్కడ తాబేలుకి గాఢనిద్ర పట్టే చలి లేదు, రాత్రిళ్లు తిన్నది అరిగేంత వెచ్చదనమూ లేదు. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపకుండా నిలబెట్టిన బండిలా, కదలకుండా ఉన్నా లోపల ఖర్చు జరిగిపోతూనే ఉంటుంది. అలా వారాల తరబడి వదిలేస్తే నీరసించి, ఊపిరితిత్తులకు నిమ్ము పట్టి చనిపోతాయి. చెన్నైలో ఈ బెడద తక్కువ, అక్కడ జనవరి రాత్రులు కూడా 20 డిగ్రీల పైనే ఉంటాయి.

మీది ఏ జాతో రాయలేదు. పెట్ షాపులో కొన్నారంటే బహుశా మా ఇంట్లో ఉన్నట్టే ఎర్ర చెవుల నీటి తాబేలు, అదే రెడ్ ఇయర్డ్ స్లైడర్ అయ్యుంటుంది. కంటి వెనక ఎర్రటి చార ఉంటుంది, వేళ్ల మధ్య పొర ఉంటుంది. మాది కూడా చలికాలంలో నీళ్లు 20 డిగ్రీలకు దిగిందంటే తిండి వైపు చూడదు. అందుకే టబ్‌లో థర్మామీటర్ వేలాడదీసి ఉంచుతాను, థర్మోస్టాట్ ఉన్న అక్వేరియం హీటర్‌తో నీళ్లు 26 దగ్గర నిలబెడతాను. హీటర్‌కి ప్లాస్టిక్ జాలీ తొడుగు తప్పనిసరి, లేకపోతే తాబేలు ఢీకొట్టి గాజు పగలగొడుతుంది. ఎక్కి ఒళ్లు ఆరబెట్టుకోవడానికి ఒక ఇటుక, దాని పైన 30, 32 డిగ్రీల వేడి వచ్చేలా బల్బు. బాగా వెచ్చబడ్డప్పుడు వెనక కాళ్లు రెండూ బారజాపి, వేళ్లు విప్పి, మెడ సాగదీసి కళ్లు మూసుకుంటుంది. ఆ భంగిమ కనిపించిందంటే నాకు ప్రాణం కుదుటపడుతుంది, సాయంత్రానికి తిండి అడుగుతుందన్నమాట.

ఎండ కూడా కావాలి. డొప్ప గట్టిపడటానికి యూవీబీ అనే కిరణాలు కావాలి, కిటికీ అద్దం లోంచి వచ్చే ఎండలో అవి ఉండవు. పొద్దున కాసేపు బాల్కనీలో పెట్టండి, టబ్‌లో సగం నీడ ఉండాలి, మీరు పక్కనే ఉండాలి. కాకులు, గద్దలు చిన్న తాబేళ్లను ఎత్తుకుపోతాయి. నేల తాబేలైతే రాత్రి టైల్స్ మీద వదలకండి, పెట్టె కింద చెక్క పలక వేయండి. వెచ్చబడకముందే నోట్లో తిండి కుక్కకండి, అరగదు. అన్నట్టు, పాప దాన్ని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడిగించండి. వీటి ఒంటి మీద జబ్బు తెచ్చే సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉండవచ్చు. ఆ కారణంగానే అమెరికాలో 4 అంగుళాల కంటే చిన్నవాటి అమ్మకాన్ని 1975లో ఆపేశారు.

డొప్ప మీద పసుపు గీతలు నక్షత్రంలా విచ్చుకుని ఉంటే మాత్రం అది నక్షత్ర తాబేలు. చిత్తూరు వైపు పొదల్లో తిరిగే మన తాబేలే. చలికాలపు నిద్ర దానికి అసలు లేదు. ఇంట్లో ఉంటే కలిసొస్తుందని చెప్పి అమ్ముతారు, ఎక్కడి నుంచో ఏరుకొచ్చినవాటిని అలా అంటగట్టడం నాకు చాలా బాధగా ఉంటుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో అది షెడ్యూల్ 1లో, అంటే అత్యంత గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉంది, ఇంట్లో పెట్టుకోవడం జైలు శిక్ష పడే నేరం. మీరు తెలియక కొన్నా సరే, అటవీ శాఖ వాళ్లకు అప్పగించేయండి. ఏ జాతిదైనా చెరువులో మాత్రం వదలకండి. బయటి దేశపు స్లైడర్లు మన చెరువుల్లో ఇక్కడి తాబేళ్ల తిండినీ చోటునూ లాగేసుకుంటున్నాయి.

వెచ్చగా ఉంచాక రెండు మూడు రోజుల్లో కదలిక రాకపోతే, లేదా ముక్కు నుంచి బుడగలు, నోరు తెరిచి ఊపిరి తీయడం, కళ్లు ఉబ్బడం, నీళ్లలో ఒక పక్కకు ఒరిగి తేలడం కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకండి. హెబ్బాళలోని వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లండి, లేదా తాబేళ్లను చూసే డాక్టర్ మీ దగ్గర్లో ఉన్నారేమో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, కుక్కల్ని చూసేవాళ్లందరూ వీటిని చూడరు. ఆటోలో గాలి తగలకుండా టవల్లో చుట్టి పెట్టెలో పెట్టుకుని వెళ్లండి. ఈలోగా డొప్ప ఎంత పొడవుందో, కంటి వెనక ఎర్ర చార ఉందో లేదో చూసి ఇక్కడే రాయండి, ఎంత వాట్ల హీటర్ సరిపోతుందో చెప్తాను.