పాపకి మాటలు రాలేదు: తల దెబ్బ వల్లా, ఇంట్లో కొట్టడం వల్లా?

ప్రశ్న: మా అక్క కూతురికి నాలుగేళ్లు. ఏడాదిన్నర వయసులో మంచం మీంచి పడిందని ఆసుపత్రిలో చేర్చారు, మెదడులో రక్తస్రావం అయిందన్నారు. బావ తాగొచ్చి అక్కనీ, పాపనీ కొట్టేవాడు. అక్క దిగులుతో మంచం దిగేది కాదు, పాపని పలకరించే దిక్కే లేదు. ఇప్పుడు పాప మా దగ్గరే ఉంటోంది. 'అమ్మ', 'తాత', 'వద్దు' తప్ప మాటల్లేవు. వాళ్ల నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయి, ఆగండి అంటున్నారు పెద్దవాళ్లు. అయిదేళ్లు దాటితే ఇక రావని ఒక వీడియోలో విన్నప్పటి నుంచి ఒకటే టెన్షన్.
– ఒక పిన్ని, తెనాలి

జవాబు: ఆగొద్దమ్మా. నాలుగేళ్లకి మూడు మాటలే ఉంటే దాన్ని వాళ్ల నాన్న పోలిక అని సరిపెట్టుకోకూడదు. ముందు వినికిడి పరీక్ష చేయించండి. తలకి గట్టి దెబ్బ తగిలితే లోపలి చెవి కూడా దెబ్బతినొచ్చు, పిలిస్తే చూస్తోంది కదా అనుకోకండి, ఒక్క చెవి పనిచేసినా చూస్తారు. పాప సహకరించకపోతే నిద్రపుచ్చి చేసే బెరా పరీక్ష ఉంది. పాత స్కాన్లు, డిశ్చార్జి కాగితాలు దొరికితే పట్టుకెళ్లండి.

కారణం ఏదంటే, రెండూ కావచ్చు. పుట్టే సమయంలో మెదడు ఎడమ వైపు స్ట్రోక్ వచ్చిన పిల్లల్లో చాలామంది మాట్లాడతారు, కుడి వైపు ఆ పని అందుకుంటుంది కాబట్టి. పసిమెదడు సర్దుకుంటుందని అందుకే అంటారు. కానీ పసిబిడ్డని పట్టుకుని గట్టిగా ఊపినా, విసిరేసినా దెబ్బ ఒక్కచోట ఆగదు, మెదడంతా అదిరి నరాల పోగులు సాగి తెగుతాయి, అలాంటి తీవ్రమైన గాయంలో వయసు ఎంత చిన్నదైతే నష్టం అంత ఎక్కువ. ఇంకో మాట, ఎత్తు తక్కువ మంచం మీంచి పడితే మెదడులో రక్తస్రావం అయ్యేంత దెబ్బ తగలడం అరుదు. మీకు ఏ అనుమానం ఉన్నా డాక్టరుకి దాచకుండా చెప్పండి, పరువు సంగతి తర్వాత.

పలకరించే మనిషి లేకపోవడం కూడా దెబ్బే, నన్నడిగితే మాటల విషయంలో ఇదే ఎక్కువ దెబ్బ తీస్తుంది. రుమేనియాలో బుఖారెస్ట్ అనాథాశ్రమాల్లో తిండీ పక్కా ఉన్నా మాట్లాడేవాళ్లు లేని 136 మంది పిల్లల్ని 2000 తర్వాత కొన్నేళ్లపాటు గమనించారు, అందులో సగం మందిని పెంపుడు కుటుంబాలకి ఇచ్చారు. పదిహేను నెలల లోపే ఇల్లు దొరికిన పిల్లలు మూడున్నరేళ్లకి మామూలు పిల్లల్లా మాట్లాడారు, రెండేళ్లు దాటాక వెళ్లినవాళ్లు అప్పటికి బాగా వెనకబడే ఉన్నారు. అంటే ప్రతి నెలా విలువైనదే, అంతేగానీ తలుపు మూసుకుపోయిందని కాదు. 1970లో లాస్ ఏంజెలెస్‌లో గదిలో బంధించి పెంచిన పదమూడేళ్ల అమ్మాయి బయటపడింది, తర్వాత మాటలు చాలానే నేర్చుకుంది గానీ వాక్యం కుదరలేదు. వీడియోల్లో ఎక్కువగా చెప్పేది ఆ కథే. మీ పాపకి నాలుగేళ్లే, పైగా 'వద్దు' అని తన ఇష్టం చెప్పుకుంటోంది.

జిల్లా ఆసుపత్రిలోని ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్లో స్పీచ్ థెరపీ గురించి అడగండి, ప్రభుత్వ పథకం కాబట్టి ఉచితం. ఇంట్లో మాత్రం 'చెప్తేనే ఇస్తా' అని బెదిరించొద్దు. చిక్కుడుకాయలు ఒలుస్తూ పక్కన కూర్చోబెట్టుకోండి, కాయ చూపించి 'ఊ' అంటే 'కాయ కావాలా, ఇదిగో పెద్ద కాయ' అని చేతికివ్వండి, మళ్లీ తను ఏదో ఒకటి అనేదాకా చూడండి. ఫోన్ పక్కన పెట్టేయండి, ఫోన్ తనకి బదులివ్వదు. ఎవరైనా గొంతు పెంచితే పాప బిగుసుకుపోతోందేమో గమనించండి, భయంలో ఉన్న పిల్లకి ఏ మాటా ఎక్కదు.

మాటలు వచ్చాక థెరపీ మానేస్తారు చాలామంది, దయచేసి ఆ పని చేయకండి. తల దెబ్బ తగిలిన పిల్లలు గలగలా మాట్లాడుతూనే, బడిలో కథ వరసగా చెప్పమంటే, పాఠం అర్థం చెప్పమంటే తడబడతారు, దాన్ని బద్ధకం అని కొట్టే టీచర్లూ ఉంటారు. పాప సంగతి మొదటి రోజే స్కూల్లో చెప్పి పెట్టండి.

బావ వచ్చి పాపని తీసుకెళ్తానంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, బాలల సంక్షేమ సమితి చూసుకుంటుంది. మీ అక్కకి మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది. ఆమె దిగులుకీ వైద్యం కావాలి, పాపతో పాటు ఆమెనీ డాక్టరుకి చూపించండి.