పోటు నదిలో ఆఖరి రోజుల వేట: మా వంశధార మొగలో మాగ

సముద్రపు నీరు ఎక్కే పోటూ, దిగే పాటూ తగిలే నదిలో, సీజను ముగిసిపోయే రోజుల్లో సాల్మన్ చేపను గాలంతో పట్టడం ఎలా, మన శ్రీకాకుళం వైపు అటువంటి వేటకు వీలుందా అని అడిగారు. ముందుగా ఒక మాట సూటిగా చెప్పేస్తాను. మన బంగాళాఖాతంలో సాల్మన్ లేదు, అది చల్లని నీళ్ల చేప. ఐసు పెట్టెల దుకాణాల్లో ‘ఇండియన్ సాల్మన్’ అని చీటీ అంటించి అమ్మేది మన మాగ చేపను. ముంబయిలో దాన్నే రావస్ అంటారు. దానికీ సాల్మన్‌కీ ఏ చుట్టరికమూ లేదు. సాల్మన్ మాంసం తాను తిన్న రొయ్యజాతి పురుగుల రంగు పట్టి నారింజ రంగులో ఉంటుంది, మాగ మాంసం తెల్లగా ఉంటుంది. ముక్క కోసిన మరుక్షణం పసిపిల్లవాడికి కూడా తేడా తెలుస్తుంది. అయినా పేరు మార్చితే కిలోకు మరో రెండు వందలు వస్తాయని కనిపెట్టిన వ్యాపారులకు దండం పెట్టడం తప్ప మనం చేయగలిగింది లేదు.

అసలు సాల్మన్ సంగతి నాకు కొంత తెలుసు, అది మా తమ్ముడి పుణ్యం. వాడు కెనడాలో వాంకూవరు దగ్గర ఉంటాడు, ఫ్రేజర్ నది అక్కడే సముద్రంలో కలుస్తుంది. మిషన్ అనే ఊరి రైలు వంతెన దాకా ఆ నదిని పోటు నీళ్ల కింద లెక్కగట్టి, ఆ దిగువ వేటకు ఒక లైసెన్సు, ఎగువ వేటకు వేరొక లైసెన్సు పెట్టారు. ఆగస్టులో సాకై అనే జాతి ఎక్కుతుంది, బేసి సంవత్సరాల్లో పింక్ అనేది వస్తుంది, అక్టోబరు, నవంబరు నెలల్లో చమ్ వస్తుంది. మీరడిగిన ఆఖరి రోజుల వేట అంటే ఆ చమ్ వేటే. నదిలోకి ఎక్కిన సాల్మన్ మేత మానేస్తుంది. ఒంట్లో కొవ్వు కరిగించుకుంటూ తాను పుట్టిన ఏటి దాకా ఎదురీది, గుడ్లు పెట్టి, పసిఫిక్ జాతి అయితే అక్కడే ప్రాణం విడుస్తుంది. అట్లాంటిక్ సాల్మన్‌లో మాత్రం కొన్ని బతికి తిరిగి సముద్రానికి చేరతాయి. అందువల్ల రోజులు గడిచేకొద్దీ వెండి రంగు పోయి, చమ్ మగచేపకు ఒంటి మీద ఊదా చారలూ, నోట్లో కుక్కపళ్ల వంటి పళ్లూ వచ్చి, మాంసం పాలిపోయి మెత్తబడిపోతుంది. అలా రంగు తిరిగినదాన్ని కూరకు పట్టుకోవడం దండగనీ, అప్పుడే సముద్రంలోంచి వచ్చిన వెండి చేప కావాలంటే నది సముద్రంలో కలిసే మొగకు దగ్గరగా పోటు ఎక్కే వేళకు నిలబడాలనీ మా తమ్ముడు చెబుతాడు. వెనక్కి తిరిగిన ముల్లు ఉన్న గాలంతో సాల్మన్‌ను పట్టడం అక్కడ నేరం, ఎందుకంటే వదిలేయవలసిన చేప తక్కువ గాయంతో పోవాలి.

ఇక్కడే మన వేట వేరైపోతుంది. మేత మానేసిన చేపను కవ్వించి పట్టడం వాళ్ల పని. మన మాగ మొగలోకి వచ్చేదే మేతకోసం, రొయ్యలనూ చిన్నచేపలనూ తరుముకుంటూ వస్తుంది. సాల్మన్‌లాగే గుడ్లకోసం ఏటికెదురీదే చేపే మీకు కావాలంటే గోదావరి పులస ఉంది, కానీ అది వరద రోజుల చేప, దానికి వలే గాని గాలం పనికిరాదు. కనుక నేను మాగ గురించే చెబుతాను.

మాగను ఒక్కసారి చూసినవారు మరిచిపోరు. పచ్చటి వెండి వీపు, ముందుకు పొడుచుకువచ్చిన ముక్కు, దాని కింద లోపలికి పోయిన నోరు, కంటి మీద గాజు పెంకులా కప్పిన కొవ్వు పొర. అన్నిటికన్నా విడ్డూరం గొంతు కింద పక్కకు నాలుగేసి వేలాడే దారపు పోగులు. బురదనీటిలో కన్ను పనిచేయనప్పుడు ఆ పోగులతో నేల తడుముకుంటూ రొయ్యను వెతుక్కుంటుంది. అందుకే కలక నీళ్లలో కూడా మాగ ఎరను కనిపెట్టగలదు. రంగురంగుల ప్లాస్టిక్ చేపపిల్లలు కట్టి, నాలుగు వేల రూపాయల కర్రలు పట్టుకొని వీడియోలు తీసుకొనేవారు ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే వారి డబ్బూ మన కాలమూ మిగులుతాయి. బతికున్న రొయ్యను తోక దగ్గర గాలానికి గుచ్చి నేలకు ఆనించి వదలడానికి మించిన ఉపాయాన్ని నేను చూడలేదు.

కర్ర కన్నా ముఖ్యమైనది నీటి లెక్క. మన తీరాన రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు; ఈరోజు వచ్చిన వేళకు రేపు సుమారు యాభై నిమిషాలు ఆలస్యం. అమావాస్యకీ పున్నమికీ నీరు ఒకటిన్నర మీటర్ల దాకా లేస్తుంది, అష్టమి, నవముల్లో అందులో సగం కూడా లేవదు. వర్షాకాలంలో వంశధార నిండుగా పారుతున్నప్పుడు ఈ పోటు మొగ దగ్గరే ఆగిపోతుంది. పుష్యమాసం వచ్చేసరికి ఎగువన హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ నుంచి దిగే నీరు సన్నగిల్లి, ఉప్పునీరు లోపలికి చాలా దూరం ఎక్కుతుంది. అప్పుడు నీరు తేటపడుతుంది, చేప కూడా భయపడుతుంది. పగలు నిలువ ఉండదు, పోటుతో వచ్చి పాటుతో పోతుంది. ఆఖరి రోజుల వేటలో కష్టమంతా అక్కడే ఉంది. కార్తీకంలో నాలుగు గంటలు కూర్చుంటే పడే చేప పుష్యంలో అరగంటలోనే పడాలి, ఆ అరగంట ఏదో తెలియకపోతే రోజంతా కూర్చున్నా పడదు.

ఆ అరగంట ఏదో నాకు నేర్పినవాడు వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నంలో ఒక ముసలాయన. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నానికి కాస్త ఉత్తరంగా తీరం దాటింది కదా, ఆ తరువాత వచ్చిన చలికాలం మాట ఇది. చొల్లంగి అమావాస్య మర్నాడు, వారం తిరగకుండానే అరసవల్లిలో రథసప్తమి. నేను బడికి సెలవు పెట్టి, విశాఖపట్నంలో ఒక దుకాణంలో కొన్న కొత్త కర్రా రీలూ సంచిలో వేసుకొని, తెల్లవారుజామున నాలుగున్నరకే మొగ దగ్గరికి చేరుకున్నాను. మంచు దట్టంగా ఉంది. లైటుహౌసు వెలుగు తిరిగినప్పుడల్లా మంచు ఒక్కసారి తెల్లబడి మళ్లీ నల్లబడుతోంది. తాత అప్పటికే ఇసుక మీద గోనెపట్టా పరుచుకొని కూర్చొని చుట్ట కాలుస్తున్నాడు. ఆయన దగ్గర కర్ర లేదు, ఒక ప్లాస్టిక్ సీసాకు చుట్టిన తంగూసు దారం, వేలెడంత సీసం ముక్క, ఒక గాలం, తడిగుడ్డలో చుట్టిన రొయ్యలు మాత్రమే ఉన్నాయి.

పోటు అప్పుడే ఎక్కుతోంది. నేను తొందరపడి ఎర వేశాను. తాత నవ్వి, “ఏటి బావూ, అంత తొందర! నీరు ఎక్కుతున్నంతసేపూ చేప కూడా ఎక్కుతాది. మన రొయ్య కాడ ఆగడానికి దానికి తీరికేదీ? మీ ఎర పీతలకే గావాల” అన్నాడు. అలాగే జరిగింది. తెల్లవారి మంచు విడిచేదాకా నేను పదకొండు రొయ్యలను పీతలకు మేపాను. ఆయన ఒక్కసారి కూడా దారం నీళ్లలో వేయలేదు. ఎనిమిదయింది, తొమ్మిది దాటింది. నీరు ఒడ్డున పాతిన తాటిమొద్దు మీద తడి గీత దాకా వచ్చి నిలిచిపోయింది. కొట్టుకొచ్చిన కొబ్బరిపీచు ముక్క ఒకటి కదలకుండా అక్కడే తేలుతూ ఉంది. తాత దాన్నే చూస్తున్నాడు. కాసేపటికి ఆ పీచు మెల్లగా తిరిగి, సముద్రం వైపు జానెడు జరిగింది. ఆయన చుట్ట ఇసుకలో గుచ్చి లేచి, “ఇప్పుడు ఒగ్గండి” అన్నాడు.

పాటు మొదలైన తొలి అరగంట అది. పొద్దుటి నుంచి లోపలికి చెదిరిపోయిన రొయ్యలూ చిన్నచేపలూ దిగే నీటితో కలిసి ఇరుకైన కాలువలోకి జారుకుంటాయి. మాగ ఆ కాలువ అంచున, లోతు మొదలయ్యే చోట, ఎదురు తిరిగి నిలబడి వాటికోసం కాచుకుంటుంది. నేను ఆ అంచుకే ఎర వేశాను. రొయ్య నేలకు తగిలిన క్షణంలోనే దారం వణికింది, వెంటనే బిగిసింది. రీలు ఒక నిమిషం కుయ్యోమని, ఆ తరువాత లోపల ఏదో పటుక్కుమని తిరగడం మానేసింది. ఆ దుకాణదారుకు ఫోను చేస్తే వచ్చిన జవాబు ఇక్కడ రాయదగినది కాదు. చేప మాత్రం సముద్రం వైపు పరుగు ఆపలేదు. నేను కర్ర పారేసి దారం చేత్తో పట్టుకున్నాను, చూపుడువేలు ఎముక కనబడేంతగా కోసుకుపోయింది. చేప నిలువునా ఒక మనిషి ఎత్తు ఎగిరి, ఎండలో అద్దంలా మెరిసి, మళ్లీ పడింది. తాత తన తలగుడ్డ నా చేతికి చుట్టి, దారం తాను అందుకొని, “లాగకండి బావూ, నీరు దిగుతున్నాది, దానికి సాయం నీరే. మనం ఒడ్డెంట నడుద్దాం” అన్నాడు. ఇద్దరం మోకాలి లోతులో దిగువకు నడిచాం, చాలా దూరమే నడిచి ఉంటాం. చివరకు అది అలిసి ఇసుక మీదికి పక్కవాటున వచ్చింది. రెండు మూరల పొడవు, ఇంటికెళ్లి తూస్తే ఏడు కిలోలకు పైమాట.

ఆ చేపను స్కూటరు మీద వేసుకొని శ్రీకాకుళం వచ్చేసరికి నేను రాజును. సందు చివర్లో ఉన్నవారికి కూడా చూపించాను. మా ఆవిడ కోస్తే కడుపులో రెండు వైపులా జన, అంటే గుడ్ల తిత్తి, ఉంది. చేసిన వేపుడు బాగానే ఉంది, ఇరుగుపొరుగు పంచుకొని తిన్నాం. తరువాత ఒక వేసవిలో, చేపల పుట్టుక గురించి పిల్లలకు చెప్పడానికి చదువుతుంటే తెలిసింది, మాగ మగచేపగా మొదలై, పెరిగాక ఆడచేపగా మారుతుందట. పండుగప్ప కూడా అంతే. అంటే మొగలో తిరిగే పెద్ద మాగలు దాదాపు అన్నీ తల్లులే; మనం ఫోటోలు తీసుకొని గర్వపడే ప్రతి పెద్ద చేపతోనూ రాబోయే కొన్ని సంవత్సరాల వేట పోతుంది. చిన్నదాన్ని వదిలి పెద్దదాన్ని తెచ్చుకోవడం ధర్మమని మన ఊళ్లలో అందరూ నమ్ముతారు, నేనూ నమ్మాను. మాగ విషయంలో అది సరిగ్గా తలకిందులు.

మరి చిన్నవాటినైనా బతకనిస్తున్నామా అంటే అదీ లేదు. మొగకు అడ్డంగా దోమతెర వంటి సన్నకన్ను వలలు కట్టి, అరచేయంత మాగపిల్లలను బుట్టలకెత్తి ఎండబెట్టి అమ్ముతున్నారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేటకు సముద్రంలో నిషేధం ఉంటుంది, అది మంచిదే. కానీ మొగలో కాళ్లు తడిస్తే చాలే, ఈ వలలకు పడవ అవసరం లేదు గనుక నిషేధం వాటి జోలికి పోదు. దీని మీద నేను రెండు అర్జీలు పెట్టాను. రెండింటికీ అందినట్టు రసీదు వచ్చింది, అంతే.

కనుక మీరు నిజంగా రాదలిస్తే ఇలా చేయండి. సంక్రాంతి వెళ్లాక వచ్చే అమావాస్యకో పున్నమికో రెండు రోజులు అటూ ఇటూగా చూసుకొని, ఉదయం పోటు నిండే వేళ పంచాంగంతో కాకుండా పోటు పాట్ల వేళలు చూపే నీటి పట్టికలో చూసుకొని, దానికి గంట ముందు చేరుకోండి. కళింగపట్నమే కానక్కర లేదు, నాగావళి కలిసే కల్లేపల్లి గాని, విజయనగరం వైపు చంపావతి కలిసే కోనాడ గాని ఇదే లెక్కకు వస్తాయి. తంగూసు మీ బలాన్ని బట్టి కాక చేప బలాన్ని బట్టి తీసుకోండి, గాలం వెనక ముల్లును పటకారుతో నొక్కేయండి. మూర దాటని చేప అయితే మరీ పిల్ల కాకుంటే కూరకు తెచ్చుకోండి. మూరన్నర దాటితే వదిలేయండి.

కిందటి పుష్యంలో నేను అదే చేశాను. మూరన్నర దాటిన మాగను నీళ్లలోనే గాలం తప్పించి, తోక పట్టుకొని, దానికి ఊపిరి తిరిగేదాకా నీటికెదురుగా నిలబెట్టి వదిలాను. నాలుగు పోగులూ నా మణికట్టుకు ఒకసారి రాసుకొని పోయాయి. తాత ఒడ్డున కూర్చొని అంతా చూశాడు, చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత చుట్ట ఆర్పి, “మాస్టారూ, మీరు ఒగ్గీసిన చేప ఆ మలుపు కాడ వలలో పడుతాది. అదేదో నాకే ఇచ్చీసుంటే మా కోడలు ఉల్లికారం పెట్టి వండీది” అన్నాడు.

మలుపు దగ్గర వల నిజంగానే ఉంది. నేను వచ్చేటప్పుడు దానివైపు చూడకుండా వచ్చాను.