పక్షవాతం వచ్చిన అమ్మను చేర్చే ముందు రాత్రిపూట వెళ్లి చూడండి

ప్రశ్న: మా అమ్మకు 76 ఏళ్లు. నెలన్నర క్రితం పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, కాలు చచ్చుబడ్డాయి. మాట స్పష్టంగానే ఉంది కానీ మింగడం కష్టంగా ఉంది. ఇంట్లో చూసుకునే వీలు లేక, నర్సింగ్, ఫిజియోథెరపీ ఉండే కేంద్రంలో చేర్చాలనుకుంటున్నాం. రెండు కేంద్రాలు చూశాం. రెండూ శుభ్రంగానే ఉన్నాయి. ఏది మంచిదో ఎలా తేల్చుకోవాలి?

జవాబు: మీరు పగలు, బహుశా ముందుగా చెప్పి వెళ్లి ఉంటారు. ఈసారి చెప్పకుండా, సెలవు రోజున, రాత్రి భోజనం వేళకు వెళ్లండి. సిబ్బంది తక్కువగా ఉండేది అప్పుడే.

ముందు తినిపించే తీరు చూడండి. మీ అమ్మగారి విషయంలో నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తున్నది ఇదే. మింగడం కష్టమైనవారికి పడుకోబెట్టి తినిపిస్తే ఆహారం ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా వస్తుంది. పక్షవాతం వచ్చిన కొందరికి పొలమారినా దగ్గు రాదు కాబట్టి పక్కనున్నవారికి తెలియను కూడా తెలియదు. నిటారుగా కూర్చోబెట్టి, ఒక చెంచా మింగాకే రెండోది పెట్టాలి. తిన్నాక కనీసం అరగంట కూర్చోనివ్వాలి. మింగే శక్తిని పరీక్షించే స్పీచ్ థెరపిస్టు వస్తారో లేదో అడగండి.

తరువాత పడక పుండ్ల సంగతి. 'ఇక్కడ చేరాక ఎంతమందికి పుండ్లు పడ్డాయి?' అని సూటిగా అడగండి. మంచం పట్టినవారు ఎందరో ఉన్నచోట 'ఒక్కరికీ లేవు' అని చటుక్కున చెప్పేవారికన్నా, ఫలానావారికి పడింది, ఇలా మానుతోంది అని వివరించేవారిని నేను ఎక్కువ నమ్ముతాను. కదలలేనివారిని సాధారణంగా రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతారు. ఆ వివరాలు రాసే పట్టిక చూపించమనండి. ఇంకా రాని గంటల గడులు కూడా నిండి ఉంటే ఆ కేంద్రం మీకు వద్దు.

ఫిజియోథెరపీకి ఎన్ని యంత్రాలున్నాయన్నది ముఖ్యం కాదు. మీ అమ్మగారి దగ్గర థెరపిస్టు రోజుకు ఎంతసేపు ఉంటారన్నది ముఖ్యం. కోలుకోవడం మొదటి మూడు నెలల్లోనే వేగంగా జరుగుతుంది. అందులో సగం కాలం ఇప్పటికే గడిచిపోయింది. అక్కడివారిని మంచం మీద నుంచి ఎలా లేపుతున్నారో కూడా గమనించండి. చచ్చుబడిన చేతిని పట్టుకుని లాగితే భుజం కీలు జారుతుంది.

మధ్యాహ్నం వేళ అందరూ మత్తుగా పడి ఉంటే ఏ మందులు ఇస్తున్నారో అడగాల్సిందే. గొడవ చేయకుండా ఉండాలని మత్తు మందులివ్వడం, తడిసిన బట్టలు మార్చే పని తప్పుతుందని మూత్రపు గొట్టం ఉంచేయడం వృద్ధులకు హాని చేస్తాయి. మొదటిదానివల్ల పడిపోతారు, రెండోదానివల్ల ఇన్ఫెక్షన్లు వస్తాయి.

డాక్టరు ఎప్పుడెప్పుడు వస్తారు, అత్యవసరమైతే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, ఏయే ఖర్చులు అదనం అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. చేరే రోజున బరువు తూయించి, ఆపై నెలనెలా చూడండి. నెలలో ఐదు శాతం తగ్గితే ఆహారం సరిగా అందడం లేదేమోనని అనుమానించాలి.

అమ్మగారు మాట్లాడగలుగుతున్నారు కాబట్టి నిర్ణయం ఆమెను అడిగే తీసుకోండి. రెండూ ఇంచుమించు సమానంగా తోస్తే మీ ఇంటికి దగ్గరున్నదాన్నే ఎంచుకోండి, తరచుగా వెళ్లగలుగుతారు. వెళ్లిన ప్రతిసారీ దుప్పటి తొలగించి మడమలు, నడుము కింది భాగం చూడండి. నొక్కినా తగ్గని ఎరుపు కనిపిస్తే అదే రోజు నర్సుకు చూపించండి.