కాపెల్‌లో ఇళ్ల ధరలు అంత ఉన్నా స్కూల్ డిస్ట్రిక్ట్‌కి డబ్బు కొరత ఎందుకు?

డాలస్ పక్కనున్న కాపెల్‌లో మనవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి ఈ ప్రశ్న తరచూ వస్తుంది. స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థ. దానికి ఇంటి పన్ను కట్టేది ఊరివాళ్లే అయినా, ఒక్కో విద్యార్థికి ఎంత రావాలో లెక్కగట్టేది టెక్సాస్ రాష్ట్రం. ఆ మూల మొత్తం 2019 నుంచి 2025 దాకా 6,160 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. ఈలోగా ధరలు, జీతాలు పెరిగాయి. 2025లో పెంచింది 55 డాలర్లే! పైగా లెక్కకు మించి పన్ను వసూలైతే మిగులు రాష్ట్రానికి పోతుంది. ఉన్న డిస్ట్రిక్టుల నుంచి తీసుకుని లేనివాటికి సర్దే 1993 నాటి ఈ పద్ధతిని జనం 'రాబిన్ హుడ్' అంటారు. పేద డిస్ట్రిక్టులకు అది అవసరమే, కానీ ఇక్కడ పిల్లల సంఖ్య తగ్గినప్పుడు దెబ్బ గట్టిగా తగులుతుంది. పింకర్టన్ ఎలిమెంటరీని మూసేయాలని బోర్డు నిర్ణయించింది అందుకే.

బోర్డంటే ఓటర్లు ఎన్నుకున్న ఏడుగురు. జీతం ఉండదు. డిస్ట్రిక్ట్‌ని నడిపే ముఖ్య అధికారి సూపరింటెండెంట్‌ని పెట్టుకునేది, బడ్జెట్ ఆమోదించేది వాళ్లే. మే ఎన్నికల్లో ఓటేసేవాళ్లు తక్కువ, మీటింగులకు వచ్చేవాళ్లు ఇంకా తక్కువ.

చదువు సంగతంటారా, మూడో తరగతి నుంచి రాష్ట్రం పెట్టే స్టార్ (STAAR) పరీక్షలుంటాయి. వాటిని బట్టే ప్రధానంగా స్కూళ్లకు, డిస్ట్రిక్టులకు ఏ నుంచి ఎఫ్ వరకు గ్రేడు ఇస్తారు. నన్నడిగితే గ్రేడు కన్నా పిల్లలు ఏడాదిలో ఎంత మెరుగయ్యారన్నదే చూడండి, అదీ ఆ గ్రేడు ఇచ్చే నివేదికలోనే ఉంటుంది.